హాజరు పలికిన సబీనా

ఆర్డరివ్వడానికి వచ్చిన ఆడమనిషి కారు దిగుతూండగానే సబీనా గుర్తుపట్టేసింది. రొక్సానా బెల్త్రాన్! హైస్కూల్లో ఐదేళ్లూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఒంట్లో కాస్త కండ పెరిగింది, జుట్టుకి రంగు పడింది, కానీ ఆ నడక మాత్రం మారలేదు.

రొక్సానా మాత్రం గుర్తుపట్టలేదు. కొట్టు బోర్డు మీద పేరు చూసి, "ఇల్దాగారూ, మీ కంకాచో రుచి గురించి అరెకీపా పట్నంలో కూడా చెప్పుకుంటారండీ. మా బ్యాచ్ బడి వదిలి పాతికేళ్లయింది. బడి ఆవరణలోనే విందు. అరవై మందికి సరిపడా ఆ కాల్చిన గొర్రెపిల్ల మాంసమే కావాలి" అంది.

ఇల్దా సబీనా అత్తగారు. పోయి పదేళ్లయింది. పేరు మాత్రం బోర్డుకీ, కోడలికీ అతుక్కుపోయింది. సబీనా తల మీది టోపీ కాస్త వెనక్కి నెట్టి, మొహం బాగా కనబడేలా నిలబడింది. రొక్సానా గుమ్మటంలాంటి మట్టి పొయ్యి వైపు చూసింది, గోడ వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది. టైము చెప్పి, కారెక్కి వెళ్లిపోయింది.

"అదేంటమ్మా, నీ పేరు చెప్పొచ్చుగా!" అంది కూతురు యెసెనియా.

"నేనెందుకు చెప్పాలే? అది నా లెక్కల పుస్తకం చూసి కాపీ కొట్టి పాసయింది. దానికి గుర్తులేకపోతే నేను బతిమాలాలా?"

"మరి వెళ్లవా?"

"మాంసం పట్టుకెళ్తా. పేర్లు పిలుస్తారుగా. నా పేరు పిలిస్తే పలుకుతా. పిలవకపోతే వడ్డించి వచ్చేస్తా. అంతే."

అంతే అని అంది గానీ, ఆ వారమంతా సబీనాకి చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. ఆ బ్యాచ్‌లో అందరూ పట్నాలు పట్టారు. ఊళ్లో మిగిలింది తనొక్కతే. ఫోన్లో గుంపు కట్టుకుని అరెకీపాలో కూర్చుని పండుగ తలపెట్టినవాళ్లకి, వీధి చివరున్న మనిషి మాత్రం కనబడలేదన్నమాట.

బడి వదిలినప్పుడు ఆమెకి పదిహేడు. ఇంట్లో నలుగురు చిన్నవాళ్లు, తల్లి ఒక్కతే. ఆ నెలలోనే కొండ మీది బంగారు గనులకి వంటమనిషిగా ఎక్కింది. గాలి కూడా సరిపడా దొరకని ఎత్తు. మంచు కరిగిస్తేనే నీళ్లు. రెండో ఏడు కొండ మీంచి మంచు జారి కూలీల పాకలు కప్పేసింది. సబీనా ఆ పూట బంగాళాదుంపలకని కిందికి దిగింది కాబట్టి బతికింది. రేడియోలో మాత్రం పోయినవాళ్లతో పాటు ఆమె పేరూ చదివేశారు. దారి మూసుకుపోయి ఐదో రోజుకి గానీ ఇల్లు చేరలేకపోయింది.

అక్కడి ఆచారం ప్రకారం ఐదో రోజు పోయినవాళ్ల బట్టలు ఏట్లో ఉతకాలి. సబీనా వంతెన దిగేసరికి మేనత్తలిద్దరూ ఆమె పావడాలే రాళ్ల మీద పరిచి, ఏడుస్తూ ఉతుకుతున్నారు.

"అత్తా, ఆ ఎర్రదాన్ని అంత గట్టిగా పిండకు, రంగు పోతుంది" అంది సబీనా.

పెద్దత్త పావడా ఏట్లో వదిలేసి పరుగు లంకించుకుంది. తల్లి దగ్గరికొచ్చి ముందు చెంప మీద ఒక్కటిచ్చింది. "రెండేళ్లుగా ఉత్తరం ముక్క లేదు, ఇప్పుడు దయ్యంలా దిగుతావా!" అని అరిచి, ఆ తర్వాతే కావలించుకుంది. ఎర్ర పావడా ఏటి పాలయింది.

తర్వాత లారీ తోలే రుఫీనోతో పెళ్లయింది. అత్తగారు ఇల్దా మూడేళ్లపాటు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఉల్లిపాయలు తరగడం, మిరప ముద్ద నూరడం, అంతే. నాలుగో ఏడు ఒకరోజు, "పొయ్యి లోపల చెయ్యి పెట్టి చూడు. పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే మాంసం పెట్టే వేడి" అంది. పెద్దావిడ నోటినుంచి సబీనా విన్న మెచ్చుకోలు అదొక్కటే. ఆవిడ పోయిన ఏడు వానలకి పొయ్యి బీటలు వారింది. మేస్త్రీని పిలవమన్నారందరూ. సబీనా వినలేదు. వేడి నిలవడానికి అడుగున ఉప్పూ గాజుపెంకులూ పరిచి, మట్టి తొక్కి తనే కట్టింది. రెండుసార్లు కూలింది. మూడోది ఇప్పటికీ నిలబడి ఉంది. తను పైచదువులు చదువుకోలేదే అని ఎప్పుడైనా దిగులేస్తే ఆ పొయ్యి ముందు కాసేపు నిలబడేది.

పండుగ రోజు కొత్త పావడా కట్టి, పళ్లేల మీద గుడ్డలు కప్పుకుని బడికి వెళ్లింది. ఆవరణలో అందరూ అప్పట్లాగే వరసగా నిలబడ్డారు. అరెకీపా నుంచి వచ్చిన లెక్కల మాస్టారు దోన్ ఎఫ్రాయిన్ చేతికర్ర ఊతంతో లేచి పేర్లు చదవడం మొదలుపెట్టారు. పేరు పిలవగానే ఒక్కొక్కరూ "హాజర్ సార్" అని, బడి వదిలాక ఏమయ్యారో చెబుతున్నారు. ఒకడు ఇంజినీరు. ఒకామె దంతవైద్యురాలు. రొక్సానాకి మందుల షాపులున్నాయట.

సబీనా వెనక బల్ల దగ్గర నిలబడి వింటోంది. తన పేరు రావాల్సిన చోటు దాటిపోయింది. చివరి పేరు కూడా అయిపోయింది. సరేలే అనుకుని కత్తి తీసింది.

"ఇక మనల్ని వదిలిపోయినవాళ్లు" అన్నారు మాస్టారు. వాళ్ల బదులు అందరూ కలిసి హాజరు పలకడం అక్కడి ఆనవాయితీ. మొదటి పేరు చదివారు. అందరూ గట్టిగా పలికారు. రెండోదానికీ పలికారు.

"సబీనా వారాచి."

"హాజర్!" అని ముప్ఫై గొంతులు ఒక్కసారిగా అరిచాయి. రొక్సానా కళ్లు తుడుచుకుంది కూడా.

సబీనా కత్తి బల్ల మీద పెట్టింది. కోపం పొంగుకొచ్చింది.

"నేనున్నాను సార్! నా బదులు ఇంకెవరూ పలకక్కర్లేదు."

దంతవైద్యురాలు కెవ్వుమంది. రొక్సానా, "అమ్మో, రేడియోలో చెప్పారే!" అంది.

"రేడియో చెప్పింది విన్నావు. మొన్న నా కొట్టుకొచ్చి, నా మొహం మీదే మాట్లాడి వెళ్లావు. అప్పుడు దయ్యంలా కనిపించలేదేం?"

మాస్టారు ఆ పేరు కొట్టేసి, పైన బతికున్నవాళ్ల వరసలో మళ్లీ రాశారు. తర్వాత అందరినీ అడిగిందే ఆమెనీ అడిగారు. "సబీనా వారాచి, బడి వదిలాక ఏమయ్యావమ్మా?"

సబీనా వరసలోకి నడిచింది. దంతవైద్యురాలు పక్కకి జరిగి చోటిచ్చింది.

"వంటమనిషినయ్యాను సార్. ఒకసారి చచ్చి వచ్చాను. పొయ్యి నా చేతుల్తో కట్టుకున్నాను. ఇప్పుడు ఈ దారిన పోయే ఏ బస్సూ నా దగ్గర ఆగకుండా పోదు." అంతా చెప్పి, వెనక బల్ల మీది పళ్లేల వైపు చూసింది. "ఇంక దణ్ణాలూ ఉపన్యాసాలూ త్వరగా కానివ్వండి. మాంసం చల్లారిపోతే నేనూరుకోను."