మా డ్రాయింగ్ సారు గీసిన చీకటి

మా డ్రాయింగ్ సారు పోయారని ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కామారెడ్డిలో మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. ఫోన్ చేసింది నాతో పదో తరగతి చదివినతను. ఇప్పుడు అక్కడే ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. సారు నిద్రలోనే పోయారని, ఆదివారం మన బడిలో సంతాప సభ పెడుతున్నామని చెప్పాడు. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి అన్నాడు:

“చెల్లె, మాట్లాడేదుంటే మాట్లాడు గని, ఆ బొమ్మల సినిమా ముచ్చట మాత్రం తియ్యకు. పోయినోళ్ల పరువు మనమే కాపాడాలె.”

గట్టిగా మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆదివారం వస్తానని మాత్రం చెప్పాను. కానీ ఆ సినిమాను పక్కన పెట్టి సారును తలుచుకోవడం నా వల్ల కాదు.

మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు మిగిలిన పాఠం పూర్తి చేసుకునే పీరియడ్. మా సారు మాత్రం తన పీరియడ్‌ను ఎవరికీ ఇచ్చేవారు కాదు. నల్లరంగు సీసాను తరగతిలోకి రానిచ్చేవారు కాదు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ కలిపి మాతోనే నలుపు చేయించేవారు. “సీసాల నలుపు గోడ లెక్క బిడ్డా, అడ్డం నిలవడ్తది. కలిపిన నలుపుల ఎంత దూరమన్న నడువొచ్చు” అనేవారు. ఒకసారి కిటికీలన్నీ మూయించి మమ్మల్ని ఊరికే కూర్చోబెట్టారు. కళ్లు అలవాటు పడ్డాక బల్లలు, జడలు, గోడమీది పటం ఒక్కొక్కటే తేలాయి. “ఇగ గీయుండ్రి” అన్నారు.

రిటైరయ్యాక ఆయనకు హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. పాత విద్యార్థి ఒకరు అక్కడ బొమ్మల సినిమా తీస్తున్నారు. బిడ్డ చనిపోతే, ఒక తల్లి చనిపోయినవాళ్ల అడవిలోకి వెతుక్కుంటూ వెళ్లే కథ. బిడ్డ కనిపిస్తుంది కానీ తల్లిని గుర్తుపట్టదు. తల్లి ఒక్కతే తిరిగొస్తుంది. పాటలు లేవు, నవ్వించేవాళ్లు లేరు. ఆ అడవి మొత్తం మా సారు గీసిందే.

అవి బందుల రోజులు. రెండు బందుల మధ్య ఆ సినిమా కామారెడ్డికి వచ్చింది. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎల్లారెడ్డి బస్సు దిగి, నేరుగా మా ఇంటికి వచ్చి, నన్నూ మా ఆయననూ మ్యాట్నీకి తీసుకెళ్లారు. బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమాయే అనుకుని తల్లులు చంటిపిల్లలను చంకనేసుకుని వచ్చారు. అడవి మొదలైందో లేదో హాలంతా ఏడుపులు. హాలు మనిషి పక్క లైట్లన్నీ వేశాడు. తెరమీద అడవి ఉతికి ఆరేసిన పాత గుడ్డలా వెలిసిపోయింది. సారు లేచి అతని దగ్గరికి వెళ్లారు.

“లైట్లు బంద్ చెయ్ నాయనా.”

“పోరగాండ్లు జడుసుకుంటున్నరు సార్.”

“జడుసుకోనీ. అమ్మ ఒళ్లనే ఉన్నరు గద. గంతకన్న మంచి జాగ ఏడ దొర్కుతది జడుసుకునేతందుకు?”

“మీకేంది సార్, చెప్తరు. కుర్చీలు తడిస్తే కడిగేది నేను.”

జనం నవ్వారు. సారు కూడా నవ్వారు. లైట్లు మాత్రం ఆరలేదు. బయటికి వస్తూ ఒకామె, “ఏం సినిమానో, ఏం కనవడలే” అంది. లైట్లు వేసి చీకటిని చూపిస్తే ఏం కనబడుతుంది?

వారం తిరగకముందే తీసేశారు. ఎల్లారెడ్డికి రానే లేదు. బస్టాండు హోటల్లో ఎవరో ఒకరు అడిగేవారు: “సారూ, మీ దయ్యాలు ఎటువాయె?” “నీ ఇంటి పక్కకే కిరాయికి దిగినయ్, చూసుకో” అని సారు చాయ్ తాగేవారు. ఒకసారి మా ఇంట్లో అన్నం తింటుండగా నేనే అడిగాను, బాధగా లేదా సార్ అని. “ఆడలేదని బాధ ఉన్నది బిడ్డా. తప్పు గీసిననని మాత్రం లేదు” అన్నారు.

రోజూ పూజ చేసుకునే నీకు అలాంటి సినిమా ఎలా నచ్చిందని నన్ను అడిగినవాళ్లున్నారు. మన అమ్మవారి మెడలో పుర్రెలు లేవా? చిన్నప్పుడు గుళ్లో ఆ నాలుక చూసి మా అమ్మ కొంగులో దాక్కున్నాను. అమ్మ నన్ను బయటికి తీసుకుపోలేదు. దండం పెట్టించింది.

సంతాప సభలో అందరూ సారు క్రమశిక్షణ గురించి, బడి గోడమీద ఆయన వేసిన దేశపటం గురించి చెప్పారు. వేదిక మీద సారు ఫొటో, వెనక ఉదయించే సూర్యుడు, చుట్టూ గులాబీలు. నా వంతు వచ్చింది. మైకు అందుకున్నాను.

“సారు ఒక సినిమాకు అడవి గీసిండు. అది ఆడలే. గని మంచి సినిమా.”

ఎరువుల దుకాణం అతను పక్కకు వచ్చి, “చెల్లె, అందరి ముంగట ఎందుకు?” అన్నాడు.

“అందరి ముంగటనే అన్నా. ఆయన ఎన్నడు దాచుకోలే. మనమెందుకు దాస్తున్నం?”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

మర్నాడు సారు భార్యను అడిగి ఆ అడవి బొమ్మ ఒకటి తీసుకుని కామారెడ్డిలో ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లి, పోయిన మా సారు కోసం ఫ్లెక్సీ కావాలన్నాను.

“ఇంత నలుపా అమ్మా? చావు ఫ్లెక్సీకి గూడ జెర కలర్ ఉండాలె. నాలుగు పూలన్న పెడ్త.”

“వద్దు నాయనా. ఉన్నది ఉన్నట్టు కొట్టు.”

“మరి పోయినాయన ఫొటో?”

“అదే ఆయన ఫొటో అనుకో. గీసింది మా డ్రాయింగ్ సారు అని కింద రాయి, చాలు.”

దాన్ని ఎల్లారెడ్డి బస్టాండు ముందర కట్టించాను. పుట్టినరోజు ఫ్లెక్సీలు, చేతులు జోడించిన నాయకుల ఫ్లెక్సీల మధ్య అదొక్కటే నల్లగా నిలబడింది. పొద్దుగూకే వేళ కామారెడ్డి బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు నిండింది. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. కండక్టర్ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేలమీద పెట్టి, విజిల్ పెదవుల మధ్యే ఉంచుకుని, ఆ అడవివైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు.