పులిపిరి వేళ్ళు, ఒప్పులకుప్ప

మా అమ్మాయి చూపుడువేలి మీది పులిపిరికని తిరుపతిలో చర్మం డాక్టరు రాసిచ్చిన మందు మూత తీయగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగులుతుంది. దాని వెంటే పాకాలలో మా చిన్నప్పటి శనివారం తలంట్లు, నువ్వుల నూనె, సీకాయపొడి, నీళ్ళపొయ్యి కింద తడి కట్టెల పొగ, అన్నీ గుంపుగా వచ్చి నిలబడతాయి.

నీళ్ళపొయ్యి పక్కన ఒక గరుకు రాయి ఉండేది. కార్వేటినగరం పుట్టింటి నుంచి మా అవ్వ నగలతో సమానంగా మోసుకొచ్చిన రాయి అది. నాయన మడమలు, అవ్వ మోచేతులు, చిన్నాన్న అరికాళ్ళు, ఆఖరున నా చేతులు, అన్నిటికీ అదే రాయి. చిన్నాన్న అరికాల్లో ఉన్నది పులిపిరే అయినా ఇంటిల్లిపాదీ దాన్ని ఆనెకాయ అనుకున్నాం. మామిడికాయల కాలమంతా తోపుల్లో తిరిగి, సొన కారి పగిలిన నా వేళ్ళను అవ్వ అదే రాయితో ముద్దుగా తోమేది. పాపం, తెలియకుండానే పులిపిర్లకు దారి తెరిచి మరీ పిలిచింది.

మొదట బొటనవేలి మొదట్లో ఒకటి మొలిచింది. అవ్వ ఇంకాస్త గట్టిగా రుద్దింది. మరుసటి మామిడి కాపుకల్లా వేళ్ళన్నీ నిండిపోయాయి. నాకు ప్రాణమైన ఆట ఒప్పులకుప్ప. చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి, లంగాలు గొడుగుల్లా విచ్చుకునేలా తిరగడం. పట్టుకునే ఆ చేతులే నాకు లేకుండా పోయాయి. నా జోడీ, పక్కింటి రెడ్డెమ్మ, తన చేతులు రెండూ వెనక దాచుకుంది.

“నీ సెయ్యి పట్టుకుంటే మాకూ వస్తాయంట మే. నువ్వు ఆడ కూసోని సూడు” అంది.

అరుగు మీద కూర్చుని చూశాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఆ కోపంతోనే అన్నీ భరించాను: సున్నం పూస్తే మంట, నాయన జట్కా గుర్రం తోక వెంట్రుక తెచ్చి పులిపిరికి బిగించి కడితే నొప్పి. జాతర రోజు అంబలి, ఉల్లిపాయ ముక్కలు, వేపాకు వాసనల మధ్య అవ్వ గంగమ్మ దగ్గర నా గుప్పిట్లో ఉప్పు, మిరియాలు పోసింది.

“ఆడ ఏసేసి ఎనక్కి తిరక్కుండా రావల్ల పాపా.”

మెడ నొప్పెట్టేదాకా బిగబట్టుకుని వచ్చాను. పులిపిర్లు మాత్రం కదల్లేదు. వానలు పోయాయి, చలి పోయింది, మళ్ళీ తోపుల్లో పిందె పడింది. వాటిని చూసుకోవడం మానేశాను. ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే వేళ్ళు నున్నగా తగిలాయి. ఒక్కటీ లేదు! తడి ముఖంతోనే వీధిలోకి పరిగెత్తాను. రెడ్డెమ్మ నా చేతులను ఎండలో తిప్పి తిప్పి చూసి, గట్టిగా పట్టుకుంది. ఆ రోజు మేము తిరిగిన తిరుగుడుకు వీధి కోళ్ళు గోడలెక్కాయి.

గంగమ్మ మహిమ అంది అవ్వ. గుర్రం వెంట్రుక అన్నాడు నాయన. ఇన్నేళ్ళకు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. పగుళ్ళలో దూరిన వైరస్ చర్మం పైపొరల్లోనే చప్పుడు లేకుండా కాపురం పెడుతుందట. గీరినా, రుద్దినా పక్క వేలికి పాకుతుందట. రోగాలతో పోరాడే ఒంటి కాపలాకు ఏళ్ళ తరబడి కనబడకుండా ఉండగలదట. కనబడిందంటే చాలాసార్లు పులిపిర్లన్నీ కలిసే మాయమవుతాయట. అంటే గెలిచింది నా ఒళ్ళే! ఆ మాట విన్నప్పుడు ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

అవ్వ లేదు. ఆ రాయి ఏ మట్టిలో కలిసిందో. జట్కాలు పోయాయి, ఒప్పులకుప్ప తిరిగే ఆడపిల్లలూ మా వీధిలో లేరు. బడిలో ఎవరూ చేయి పట్టుకోవడం లేదని నెలల తరబడి ముడుచుకుపోయిన మా అమ్మాయి నిన్న పొద్దున వేలు చాచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, పోయినాది సూడు!”

మేడ మీదికి లాక్కెళ్ళి, చేతులు పెనవేయడం నేర్పి, వెనక్కి వాలమన్నాను. తల తిరిగి నేను కూలబడ్డాను గానీ, దాని చేయి మాత్రం వదల్లేదు.