మామ గీసిన రాణి వేషం

ముందే చెబుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా ఇంటి పిల్లి ముచ్చట చెప్పినా, విన్నవాళ్లు చిరుతపులి అనుకుని తలుపులు వేసుకుంటారు. మొన్న కరీంనగర్‌లో కళ్ల డాక్టరు అక్షరాలు చదవమంటే, కనపడని చివరి వరుసను కూడా ఊహించి గడగడా చదివేసి చీవాట్లు తిన్నాను. ఆ కుర్చీలోనే మా మేనమామ గుర్తొచ్చాడు.

హుజూరాబాద్‌లో దుకాణాలకు బోర్డులు రాసే మామకు చిందు యక్షగానమంటే పిచ్చి. ఏటా మేళం వచ్చినప్పుడు ఊరంతా ఆటకు ఎదురుగా కూర్చుంటే, ఆయన మాత్రం వేషాలు కట్టుకునే పందిరి పక్కన చతికిలబడి, ముఖానికి రంగు పూసుకునేవాళ్లనూ, గజ్జెలు బిగించుకునేవాళ్లనూ, కిరీటం తీసి నెత్తి గోక్కునే దేవుళ్లనూ గీసేవాడు; ఆ కాగితాలన్నీ పేరిస్తే మానేరు నదికి అడ్డుకట్ట వేయొచ్చు. ఒక్క రాణి వేషం కట్టే ఆమెను, ఆడుతూ గిర్రున తిరిగే ఆ క్షణంలో, పట్టుకోవడం మాత్రం ఎన్నేళ్లకూ ఆయన చేత కాలేదు.

నేను బడిపంతులుగా చేరిన ఏడాది మామ చూపు మసకబారింది. పట్నంలో చూపిస్తే ఇక లాభం లేదన్నారు. కాగితం ముక్కుకు ఆనించుకుంటేనే గీత కనిపించేది. ఆట కనిపించేది కాదు. ఆ ఏడు ఒక మధ్యాహ్నం మేళం దిగగానే నా చెయ్యి పట్టుకుని పందిరి దగ్గర కూర్చోబెట్టాడు.

“అల్లుడా, ఇదే ఆఖరు బొమ్మ. నువ్వు సూసి చెప్పు, నేను గీస్త. ఎక్కువ జెయ్యకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“ఆట మొదలైంది, రాణి వచ్చింది మామా! కుచ్చిళ్లు గొడుగు లెక్క విచ్చుకున్నయ్, కాళ్లు నేలకు ఆనుతలేవు!”

“జర మెల్లగ తిరుగుమను, నా చెయ్యి ఉర్కుతలేదు. అవునుగని, గజ్జెల సప్పుడేది?”

“మద్దెల మోతల కలిసిపోయింది మామా.”

ఆయన తల ఊపి గీస్తూనే ఉన్నాడు.

ఆ ఒక్క బొమ్మకే చట్రం కట్టించాడు. పూర్తిగా చూపు పోయాక కూడా ఇంటికొచ్చినవాళ్లను దాని ముందు నిలబెట్టి, “మా అల్లుడు సూసిండు, నేను గీసిన” అని మురిసిపోయేవాడు. ఇప్పుడు నాకు కొత్త అద్దాలు వచ్చాయి, చీమ మీసాలు కూడా లెక్కపెట్టగలను. చూడాల్సిన మేళమే మా వైపు రావడం మానేసింది.

పిల్లినీ, మానేరునూ కొంచెం సాగదీశాను గానీ, నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే: ఆ రోజు రాణి ఆట. ఆ వేషం కట్టే ఆమె ఆ ఏడు రానేలేదు. కాళ్లు పడిపోయి పక్క ఊళ్లో మంచం పట్టిందని మేళం పెద్ద నా చెవిలో చెప్పాడు. ఆమె బదులు కొత్త పిల్ల ఒకతి భయం భయంగా, కదలకుండా నిలబడి పాడింది. మామ పోయేదాకా ఆ మాట చెబుదామనే అనుకున్నాను. పిల్లిని పులి చేసే నా నోటికి, దాన్ని మళ్లీ పిల్లిని చేయడం చేత కాలేదు.