కాటా దాకా ముప్పై అడుగులు

మలికిపురంలో మా కొబ్బరి షెడ్డు మూడు రోజులు కావాలని హైదరాబాదు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఒంటినీ, చోటునీ, కాలాన్నీ తెలుసుకునే ప్రదర్శన కళ మీద వర్క్‌షాపట. మా ఆయనకి అందులో చోటు ఒక్కటే అర్థమై, సరేనన్నారు.

టీలివ్వడానికి వెళ్ళినదాన్ని నేనూ చేరిపోయాను. మొదటి రోజు చాపల మీద పడుకోబెట్టి, మీ ఊపిరి మీరే వినండంది. వింటూ వింటూ గురక పెట్టాను. పెళ్ళయ్యాక పట్టపగలు నడుం వాల్చడం నాకదే మొదలు. “చాలా బాగా చేశారాంటీ” అని ఆ అమ్మాయి మెచ్చుకుంది.

మూడో రోజు ఊరి జనం ముందు ప్రదర్శన. షెడ్డు గుమ్మం నుంచి ఎండుకొబ్బరి తూచే కాటా దాకా ముప్పై అడుగులు నేను గంటసేపు నడవాలి. నోరు విప్పకూడదు. ఎవరేమిచ్చినా పట్టుకుని సాగిపోవాలి.

ఇంట్లో చెబితే మా ఆయన పడీపడీ నవ్వారు. “గంటసేపు మాటాడకుండానా? నువ్వా? ఉంటే నెల్రోజులు పొద్దున్న కాఫీ నేనే పెడతాను!”

నాకు ఒళ్ళు మండింది. కాఫీ కోసం కాదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా “మీ ఆవిడేం చేస్తారండీ?” అంటే ముప్పై ఏళ్ళుగా ఆయన జవాబొకటే. “ఖాళీయేనండి, ఇంట్లోనే ఉంటుంది.” తెల్లారకుండా లేచి కొబ్బరికాయల దింపు కూలీలకి ఇడ్లీలు వేసే ఈ ఖాళీ మనిషి, ఈసారి ఏదో ఒకటి చేసి చూపించాలనుకుంది.

మా వైపు తిట్టినా సర్దుకుపోతారు గానీ, పలకరిస్తే పలక్కపోతే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. మూడో అడుగులోనే మా వీధి అత్తయ్యగారు “కాఫీలయ్యేయా అమ్మా?” అన్నారు. పళ్ళు బిగించాను. “అయ్యో, పిల్లకి మాట పడిపోయింది!” అని ఆవిడ కేకేశారు.

ఇక చూడండి మర్యాదలు! ఒకాయన కుర్చీ తెచ్చి నా వెనకే అడుగడుక్కీ జరుపుతున్నాడు. ఎవరో చేతిలో కొట్టిన కొబ్బరి బొండం పెట్టారు. ఇంకెవరో “మోకాలా అండీ?” అంటూ రెండో చేతిలో తైలం సీసా పెట్టారు. నియమం ప్రకారం అన్నీ పట్టుకునే నడిచాను. ముక్కు దురదపెడితే గోక్కోడానికి చెయ్యి ఖాళీ లేదు. హైదరాబాదు అమ్మాయి ఇదంతా కళే అనుకుని మురిసిపోతూ వీడియో తీసింది.

కాటాకి ఇంకా రెండడుగులుందనగా, మా పెదమావగారు కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆయనకి బదులు చెప్పకుండా నేనుండలేదు.

“ఏవమ్మా, నా మీద కోపవా?” అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మాట నాలుక చివరికి వచ్చేసింది.

అంతలో మా ఆయన పరిగెత్తుకొచ్చి చేతులు కట్టుకున్నారు. “ఆయ్, కోపం కాదండి పెదనాన్నగారూ. ఇప్పుడు పలకదండి. మా ఆవిడ పన్లో ఉందండి.”

“ఏవన్నారండీ? మళ్ళీ ఒక్కసారి అనండి!”

ఆ అరుపు నాదే. షెడ్డంతా గొల్లున నవ్వింది. పందెం ఓడిపోయినందుకు అంత సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, చేతిలో బొండం ఒలికి చీరంతా తడిసింది.

కాఫీ ఇప్పటికీ నేనే పెడుతున్నాను. పెట్టేటప్పుడు ఎవరైనా గుమ్మంలోంచి పిలిస్తే మాత్రం, ఆయనకి వినబడేలా చెబుతున్నాను. “ఆయ్, పన్లో ఉన్నానండి!”