మేకుకు తగిలించిన రబ్బరు రింగులు

ఇటు జరిగి కూర్చోండి, అటువైపు ఎండ పడుతుంది. చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టండి. మా నాలుగు చక్రాల బండికి ఆయిల్ ఫిల్టర్ మార్చిన సంగతి చెబుతాను.

మాది మెదక్ పట్నమే గానీ పొలం కుల్చారం దారిలో ఉంది. రోడ్డు దిగితే అంతా గట్లు, బురద. ఏదో రిసార్టులో పిల్లల్ని తిప్పి తిప్పి పాతబడిన ఏటీవీ ఒకటి అమ్మకానికి వస్తే కొనుక్కొచ్చాను. లావు టైర్లు, మోటార్ సైకిల్‌కు ఉన్నట్టు హ్యాండిల్. దాన్ని ఇంటి ముందు దించిన రోజు మా ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"గిదేం బండయ్యా! ఎలుగుబంటి లెక్కున్నది. దీనికి పెట్రోల్ పోస్తరా, గడ్డేస్తరా?"

ఆ రోజు నుంచి దాని పేరు ఎలుగు. అంతగా నవ్విన మనిషే తర్వాత టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక సీటు మీద దర్జాగా పొలానికి వచ్చేది.

నూనె మార్చే పని ఇద్దరం కలిసి చేసేవాళ్లం. ఇంజిన్‌ను కాసేపు ఆడించి, కింది బోల్టు విప్పి, వేడి నూనెను తట్టలోకి వదలడం నా వంతు. ఫిల్టర్ ఆమెది. చిన్న డబ్బా లాంటి ఆ ఫిల్టర్ ఇంజిన్‌కూ ఇనుప చట్రానికీ మధ్య ఇరుకులో ఉంటుంది. నా చేయి పట్టదు. ఆమె గాజులు మోచేతి పైకి ఎక్కించి, కొంగు చుట్టి చేయి పెట్టేది. ఎంత బిగించినా ఒకటో రెండో జారి చట్రానికి తగిలి గలగలమనేవి.

"గాజులు తియ్యరాదే, పగుల్తయ్."

"నువ్వు గుండ్రాయి లెక్క ముంగట కూసుండంగ నేనెందుకు తీస్త? సప్పుడు జెయ్యక టార్చి పట్టు."

పాత నూనెను పారబోయనిచ్చేది కాదు. చెదలు పట్టకుండా కంచె గుంజలకు పూసేది. ఇంకొక అలవాటు కూడా ఉండేది. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ, నూనె కారకుండా దాని మూతికుండే పాత రబ్బరు రింగును షెడ్డు గోడకున్న మేకుకు తగిలించేది. ఎందుకని అడిగితే, "నా గుర్తు నాకున్నది" అనేది. నేనూ మళ్లీ అడగలేదు.

పోయిన వానాకాలం, జ్వరమని దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు.

తర్వాత బండి నడిపాను గానీ నూనె జోలికి పోలేదు. ఒకరోజు మెకానిక్ దగ్గర ఆపితే, అతను నూనె కొలిచే పుల్ల తీసి చూసి మొహం చిట్లించాడు.

"కాకా, ఇది నూనె గాదు, కాటుక. గిట్లనే నడిపితే ఇంజిన్ పట్టేస్తది. ఇంక పాత సామాన్ల కింద అమ్ముకునుడే. బండి ఈడ పెట్టిపోండ్రి, నేను మారుస్త."

"వద్దు తమ్మీ, నేనే జేసుకుంట."

అతను కొత్త ఫిల్టరుతో పాటు, దాన్ని పట్టి తిప్పే గిన్నె లాంటి పానా కూడా ఇచ్చి పంపాడు. ఆ పాత ఫిల్టర్ ఆమె చేత్తో బిగించినదని అతనికి నేనెలా చెప్పను? ఇంట్లో ఆమె కట్టిన దండెం ముడి ఊడిపోయింది. పచ్చడి జాడీకి చుట్టిన గుడ్డ విప్పక తప్పలేదు. ఆమె బిగించి పోయింది ఇదొక్కటే మిగిలింది. విప్పకపోతే బండి పోతుంది. బండి పోతే, ఆమె కూర్చున్న సీటూ పోతుంది.

మర్నాడు పొద్దున నూనె వదిలాను. టార్చి పట్టేవాళ్లు లేక ఇటుక మీద ఆనించాను. పానా వేసి తిప్పితే ఫిల్టర్ కదలలేదు.

"రావా ఏందే?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కిర్రుమని తిరిగింది. గోరువెచ్చని నూనె అరచేతిలోంచి మోచేతి దాకా కారింది. ఆమె చేసినట్టే కొత్త రింగుకు వేలితో నూనె రాసి, ఫిల్టర్ బిగించి, కొత్త నూనె పోసి స్టార్ట్ చేశాను. కింద ధారగా కారింది! ఆపేసి ఇంకా బిగించాను. మళ్లీ ధారే. ఇక నా వల్ల కాదు, అమ్మేస్తాననుకుని స్టూలు మీద కూలబడ్డాను.

చేతులు తుడుచుకునే గుడ్డ కోసం గోడవైపు చూస్తే మేకు కనిపించింది. దానికి వరసగా నల్లటి రింగులు, అన్నీ నలిగి చప్పబడినవి. లేచి పాత ఫిల్టర్ తిప్పి చూశాను. దాని మూతికి రింగు లేదు. వేడికి ఇంజిన్‌కే అతుక్కుపోయింది. దాని మీదే నేను కొత్తది బిగించాను. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే నూనె ఎలా ఆగుతుంది? పాత రింగు మేకుకు పడితేనే ఆమె కొత్త ఫిల్టర్ ముట్టుకునేది. గుర్తంటే అదీ.

ఫిల్టర్ మళ్లీ విప్పి, ఆ సందులోకి రెండు వేళ్లు దూర్చి గోకాను. నా చేతి కడెం చట్రానికి తగిలి గల్లుమంది. చేయి అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. షెడ్డు గుమ్మంలో ఎండ తప్ప ఎవరూ లేరు.

రింగు ఊడి వచ్చింది. తుడిచి మేకుకు తగిలించాకే ఫిల్టర్ బిగించి, కారిపోయినంత నూనె మళ్లీ పోశాను. ఈసారి ఇంజిన్ ఎంతసేపు ఆడినా కింద చుక్క పడలేదు.

పాత నూనె డబ్బా పట్టుకుని ఎలుగు మీద పొలానికి పోయి గుంజలకు పూసి వచ్చాను. టిఫిన్ డబ్బాను వెనక సీటుకు తాడుతో కట్టాను, పెట్టుకునే ఒడి లేదు కాబట్టి. గతుకుల్లో అది దారంతా చప్పుడు చేస్తూనే ఉంది.

ఇంత ఓపికగా విన్నారు. మీ బండి ఏ దారిలోనూ ఆగకూడదు. మీ ఇంట్లో టార్చి పట్టేవాళ్లూ, వాళ్లను కసిరేవాళ్లూ నిండా నూరేళ్లు కలిసి ఉండాలి.