పెనుగొలను మామ్మగారి ముడుపు

తిరువూరులో ఉదయం ఆరు గంటల విజయవాడ బస్సు ఎక్కేటప్పటికే మా వీధి వీధంతటికీ తెలుసు, అమ్మా నేనూ తిరుపతి వెళుతున్నామని. నిజానికి మేం బయల్దేరింది హైదరాబాదుకు, నా వెన్ను ఆపరేషన్‌కు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. వెన్నుపూస వంకర తిరిగి కుడి భుజం పైకి లేచింది, వీపు ఒక పక్క ఉబ్బింది. ఈ సంగతి బయటికి పొక్కితే రేపు నాకు సంబంధాలు రావని అమ్మ భయం. మండుటెండల్లో కూడా చున్నీ మడత పెట్టి కప్పి బడికి పంపేది. విజయవాడ దాకా తిరుపతికైనా హైదరాబాదుకైనా ఒకటే బస్సు, అబద్ధం సులువుగా కుదిరింది. నాన్న రాలేదు. ఎరువుల కొట్టు మూస్తే నలుగురూ అడుగుతారట.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం కనక ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నాం. వెన్ను బాగాలేని వాళ్ళకు నా సలహా ఒకటే. చక్రాల మీద సీటు వద్దు, బస్సు మధ్యలో కూర్చోండి, నడుం వెనక దిండు పెట్టుకోండి. మా పక్క సీట్లో, గంపలగూడెం దగ్గరి పెనుగొలను ఊరి రమణమ్మగారు కూర్చున్నారు. మా కొట్లో పురుగుమందులు కొనే రైతు కుటుంబం వాళ్ళది.

"తిరుపతా! ఎంత అదృష్టమమ్మా!" అంటూ ఆవిడ ఒక నాణెం తీసి, చేతిరుమాలు చివర ముడివేసి నా చేతిలో పెట్టారు. "మా మనవడికి ఫిట్స్ వస్తున్నాయి తల్లీ. మొన్న బళ్ళోనే పడిపోయాడు, డాక్టరు మాత్రలిచ్చాడు. వాడి పేరు చెప్పి ఈ ముడుపు హుండీలో వెయ్యి."

బస్సంతా వినేలా చెప్పారు. వాడు మగపిల్లాడు, వాడి జబ్బు దాచక్కర్లేదు. నాకు వాడి మీద కుళ్ళు పుట్టింది.

"తప్పకుండా వేస్తాంలెండి," అంది అమ్మ, నా చున్నీ సర్దుతూ.

విజయవాడ స్టేషన్లో ఇడ్లీ తిని హైదరాబాదు రైలెక్కాం. సాయంత్రానికి ఆస్పత్రిలో ఉన్నాం. కాళ్ళు పడిపోయే ప్రమాదం తక్కువేనని, అసలు లేదని మాత్రం చెప్పలేనని డాక్టరుగారు అన్నారు. మర్నాడు ఆపరేషన్. మెలకువ రాగానే ఎవరో "కాలివేళ్ళు కదుపమ్మా" అన్నారు. కదిలాయి. అమ్మ గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఆ తర్వాత వచ్చే నొప్పి గురించి నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను. ఇద్దరు నర్సులు దుంగను దొర్లించినట్టు నన్ను పక్కకు తిప్పేవారు. అప్పుడల్లా చచ్చిపోతే బాగుండుననిపించేది. మిగతా మంచాల దగ్గరికి చుట్టాలు క్యారేజీలతో వచ్చేవారు. మాకెవరూ రాలేదు, ఎవరికీ తెలియదు కదా. మా అత్త ఫోన్ చేస్తే, మిషన్ల చప్పుడు వినపడకుండా అమ్మ బయటికి పరుగెత్తి, దర్శనం బాగా అయిందనీ నెల్లూరు పెద్దమ్మ ఇంట్లో ఆగామనీ చెప్పింది. నొప్పిలో పట్టుకోవడానికి నాకు మిగిలింది రమణమ్మగారి ముడుపు ఒక్కటే. పిడికిట్లో బిగించి పడుకునేదాన్ని.

కుట్లు విప్పాక, కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళమన్నారు డాక్టరుగారు. "కారులోంచి దింపితే వీధంతా మూగుతుంది," అంది అమ్మ. మళ్ళీ రైలు, మళ్ళీ బస్సు. విజయవాడలో మిఠాయి కొట్లో లడ్డూలు కొని, కొట్టు పేరు లేని కవర్లలోకి మార్చింది. మైలవరం దాటాక గతుకు గతుకుకీ పళ్ళు బిగబట్టాను.

తిరువూరు బస్టాండులో దిగేసరికి గంపలగూడెం ఆటో కోసం నిలబడి ఉన్న రమణమ్మగారు ఎదురొచ్చారు.

"ముడుపు వేశారా అమ్మా?"

"వేశామండి, పిల్లే తన చేత్తో వేసింది," అంటూ అమ్మ ఒక లడ్డు అందించింది. ఆవిడ కళ్ళకద్దుకున్నారు.

"స్వామి విన్నాడు. మీరు వెళ్ళినప్పట్నుంచీ వాడికి ఒక్కసారి కూడా రాలేదు. ఆ మాత్రలతో మత్తుగా పడుంటున్నాడు, రేపట్నుంచి మానిపించేస్తాం."

పర్సులోంచి రుమాలు తీశాను.

"మానిపించొద్దు మామ్మగారూ. ఇదిగో మీ ముడుపు. మేం తిరుపతి వెళ్ళలేదు. నాకు వెన్ను ఆపరేషన్ అయింది. వాడికి తగ్గింది మాత్రల వల్లే."

ఆవిడ రుమాలు వంక, లడ్డు వంక, అమ్మ వంక చూశారు. "దేవుడి పేరు చెప్పి నాతో ఆడుకున్నావా అమ్మా?" అన్నారు. లడ్డు అమ్మ చేతిలో తిరిగి పెట్టి, ముడుపు తీసుకుని ఆటో ఎక్కారు. కదిలేముందు తల బయటికి పెట్టి, "మాత్రలు మానిపించంలే," అని నాతో మాత్రమే చెప్పారు.

ఇంటికి ఆటోలో వెళుతుంటే అమ్మ మొహం తిప్పుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా మాత్రం నా వీపు వెనక చెయ్యి అడ్డం పెట్టింది. వీధి మలుపులో ఎదురింటావిడ కేకేసింది, "దర్శనం బాగా అయిందా?"

"బాగా అయిందండీ," అంది అమ్మ. ఆమె చెయ్యి చున్నీ కింద నా వీపునే కాస్తోంది. ఆ చెయ్యి తీసెయ్యమందామనుకున్నాను. కానీ ముందు స్పీడ్ బ్రేకరు ఉంది.