తండ్రిని తీసేస్తే పిల్లలూ మాయం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు భయమంటే ఏమిటో తెలియదు. ఇప్పుడు పాప తుమ్మితే చాలు, దవాఖాన తెరిచి ఉంటుందా అని ఆలోచించే మనిషినే (మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ), అప్పట్లో మాత్రం ఒక బడి పిల్లలందరినీ బెదురు లేకుండా డేటాబేస్‌లో సర్దేశాను. జనగామలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. తండ్రి, పిల్లలు, తరగతి అంటూ ప్రోగ్రాంలో మనం రాసుకున్నవాటిని (ఆబ్జెక్టులంటారు) డేటాబేస్ పట్టికల్లోకి తనంతట తానే ఎక్కించే ఫ్రేమ్‌వర్క్ ఒకటి వాడేవాళ్లం. అందులో ఒక సదుపాయం నాకు తెగ నచ్చింది. తండ్రి వివరాలు తీసేస్తే, అతని కింద ఉన్న పిల్లల వివరాలూ వాటంతట అవే పోతాయి. ఎంత శుభ్రం! "పెట్టమంటవా అన్నా?" అని మా సీనియర్‌ను అడిగితే, చాయ్ తాగుతూ, "పెట్టు, అన్నీ అదే సూసుకుంటది" అన్నాడు.

చూసుకుంది. వార్షిక పరీక్షల ముందు రోజు మహబూబాబాద్ దగ్గరి ఆ బడి నుంచి ఫోన్ వస్తే రైలెక్కి పోయాను. ఆఫీసు గది ముందు అక్కాచెల్లెళ్లిద్దరు, పక్కన వాళ్ల అమ్మమ్మ. అందరికీ హాల్‌టికెట్లు వచ్చాయి, వీళ్లకు రాలేదు. "కంప్యూటర్ల లేనోళ్లను పరీక్షల ఎట్ల కూసోబెట్టాలె?" అంటున్నాడు హెడ్మాస్టర్. జరిగింది ఇదీ: పిల్లల అమ్మానాన్నలు మిర్చి ఏరడానికి భూపాలపల్లి వైపు పోతూ వాళ్లను అమ్మమ్మ దగ్గర వదిలారు (మా వైపు ఏటా ఉండేదే, నాకొక్కదానికే తట్టలేదు). బడి గుమాస్తా వాళ్ల తండ్రి పేరు తీసేసి, అమ్మమ్మ పేరు ఎక్కించాడు. తండ్రితో పాటు పిల్లలూ పోయి, కంప్యూటర్లో అమ్మమ్మ ఒక్కతే మిగిలింది.

"అక్కా, నేను మంచిగ సదివిన," అంది చిన్నది, నా చున్నీ పట్టుకుని.

"ఏందమ్మా గిది?" అంది అవ్వ. "అయ్య పనికి పోతె పోరగాండ్లు ఏడికి పోతరు? ఇంట్లనే ఉంటరు కద! గా మాత్రం ఎరుక లేదా మీ డబ్బకు?"

డబ్బకే కాదు, దానికి చెప్పిన నాకూ లేదు. "అది కాదవ్వా, పిల్లల ఆబ్జెక్టులు తండ్రి ఆబ్జెక్టుకు..."

"పిల్లలను గట్లనకు. పేర్లెక్కియ్యి ముందుగాల."

కంప్యూటర్ ముందు కూర్చుని ఆ సదుపాయం తీసేశాను. పాత కాపీలోంచి ఇద్దరినీ వెనక్కి తెచ్చి అమ్మమ్మకు కలిపాను. ప్రింటర్‌లోంచి హాల్‌టికెట్ పూర్తిగా బయటికి రాకముందే చిన్నది లాగేసుకుంది. అవ్వ మాత్రం గడప దగ్గర ఆగింది. "బిడ్డా, రేపు నేను గూడ పోతె? వీళ్ల పేర్లుంటయా?"

"ఉంటయవ్వా. ఎవరున్నా లేకున్నా ఉంటయి," అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా.

ఇప్పుడు వచ్చే నెల నుంచి నాకు మళ్లీ ఉద్యోగం. పాపను స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అమ్మ దగ్గర వదలాలి. అన్నం తింటుందో లేదో, శనివారం నేను పోయేసరికి కొత్త మొహం చూసినట్టు చూస్తుందేమో. అవ్వకు అంత ధీమాగా మాటిచ్చిన ఆ పిల్ల, అప్పటి నేను, ఎక్కడైనా ఎదురుపడితే బాగుండు. పక్కన కూర్చోబెట్టుకుని, మా పాప గురించి కూడా ఒక మాట చెప్పించుకుందును.